గామా తగిలిన ఫిల్ము, మల్లమ్మ జొన్నచేను

కొత్తగా కొలువుల చేరిన పిల్లలు మా ఇంటికొస్తే ముందుగాల అడిగేది ఒక్కటే మాట. "సార్, మీరు అణుశక్తి దిక్కు పనిచేసిన్రంట గదా. బాంబులు గిట్ల చూసిన్రా?" బాంబు లేదు గీంబు లేదు నాయనా. నేను బతుకంత ప్లాస్టిక్ ముక్కలను సోడా నీళ్లల్ల ఉడకబెట్టిన. ఉడకబెట్టి, కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, దాంట్ల పడ్డ తూట్లు లెక్కబెట్టిన. గంతే. మా ఆవిడ చుట్టాల ముందట "మా ఆయన సైంటిస్టు" అంటది. వంటింట్లకు పోయినంక "ప్లాస్టిక్ వండే మనిషి" అంటది. రెండోదే నిజం.

ప్రమోషన్ల ముచ్చట దీంట్ల లేదు. అవి ఎట్లొస్తయో, ఎందుకు ఆగుతయో నాకు ఇప్పటిదాక సమజ్ గాలేదు, మీకేం చెప్త? పని గురించి చెప్త. ఆ పని నాకు నేర్పిన ఒక మనిషి గురించి చెప్త. ఆ మనిషిని తలుసుకుంటే ఇప్పటికీ కుర్చీలకెళ్లి లేచి నిలబడబుద్ధయితది.

ప్లాస్టిక్‌కు ఏం యాదుంటది

ముందు పని ఏందో తెలుసుకోండ్రి. యురేనియం ఉన్న రాయికెళ్లి ఒక తీరు గాలి పుడ్తది, దాన్ని రేడాన్ అంటరు. ఆ గాలి మట్టి సందుల్లకెళ్లి పైకి ఎక్కుతది. ఎక్కుకుంట ఎక్కుకుంట ఆల్ఫా కణాలను ఇడుస్తది. ఆల్ఫా కణానికి విద్యుదావేశం ఉంటది, బరువుంటది. అది ప్లాస్టిక్ ఫిల్ముల దూరితే పోయిన దారెంట లోపలి పోగులను తెంపుకుంట పోతది. కంటికి ఏం కనవడది. ఫిల్ము మంచిగనే, నున్నగనే ఉంటది. కానీ దాన్ని వేడి కాస్టిక్ సోడా నీళ్లల్ల ఏస్తే, తెగిన చోటును సోడా జల్దీ తింటది, మిగిలిన చోటును నిమ్మలంగ తింటది. గట్ల తిని తిని, కణం పోయిన దారి ఒక తూటై తేలుతది. ఎన్ని తూట్లుంటే అన్ని కణాలు తగిలినట్టు. మేం వాడింది ఎర్ర పూత పూసిన ఫిల్ము. ఎరుపుల తెల్ల తెల్ల చుక్కలు, రాత్రి ఆకాశం లెక్క కాదుగని, దోమలు కుట్టిన ఒళ్లు లెక్క కనవడేది.

గామా సంగతి వేరే. గామా కిరణానికి ఆవేశం లేదు, అది అట్ల దారి గియ్యది. అందుకే "ఈ ఫిల్ములకు గామాతోని పనిలేదు" అని చాన మంది ధీమాగ చెప్పేటోళ్లు. అది సగమే నిజం. కొద్దిగ గామా తగిలితే ఏం గాదు, నిజమే. కానీ మస్తు గామా తగిలితే ఫిల్ము మొత్తంల పోగులు అక్కడొకటి ఇక్కడొకటి తెగి, సత్తువ పోతది. ఏండ్ల తరబడి ఎండల ఆరేసిన ధోతి చూసిన్రా? చూస్తే ఒక్క చిరుగుండది. గుంజితే పర్రున చినుగుతది. గట్లన్నమాట. ఆ సత్తువ పోయిన ఫిల్మును సోడాల ఏస్తే, సోడా దాన్ని అన్ని దిక్కులా జల్దీ జల్దీ తింటది. పూత పలచనైతది. పూత పలచనైతే, మామూలుగా అయితే అడుగుదాక పోని గుంటలు గూడ తూట్లయితయి. అంటే తగిలిన కణాలు అన్నే ఉన్నా, లెక్క మాత్రం పెరుగుతది. ఈ ఒక్క సంగతి మనసుల పెట్టుకోండ్రి. నేను చెప్పబోయేదంత దీని మీదనే నడుస్తది.

శాంతకుమారి మేడం

డెబ్బైల కాలం. పటాన్‌చెరు దాటినంక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అదే మా లేబరేటరీ. అప్పటికి ఫ్యాక్టరీలు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి లేస్తున్నయి. ఒక దిక్కు సిమెంటు దిమ్మెలు, ఒక దిక్కు చెరుకుతోటలు. నేను కర్దనూర్‌కెళ్లి సైకిల్ మీద పోయేది. మా నాయన ఎవుసం మనిషి. "ప్లాస్టిక్ ఉడకబెట్టనీకి సర్కారు జీతమిస్తదా?" అని ఆయన నమ్మకపోయేది.

ఆ షెడ్డును నడిపేది శాంతకుమారి మేడం. కొలువుకు పోయిన రోజు నా సర్టిఫికెట్ల దిక్కు ఆమె కన్నెత్తి చూడలే. ఒక బ్లేడు, ఒక ఫిల్ము ముక్క చేతిల పెట్టి, "దీన్ని నడిమిట్ల కొయ్యి" అన్నది. నేను అంచులు పట్టుకొని కోసిన. నిలువుగ తెగిందో లేదో ఆమె చూడలే. ఫిల్ము ముఖం మీద నా వేలిముద్ర పడ్డదా లేదా అని వెలుతురుకు పెట్టి చూసింది. పడలే. "రేపటి నుంచి రా" అన్నది. ఆ "రేపటి నుంచి రా" విని నేను ఇంటిదాక సైకిల్ ఎగిరిచ్చుకుంట పోయిన.

ఆమెది సంగారెడ్డి. నాయన చర్చి బడిల పంతులు. ఆదివారం ప్రార్థన అయినంక తెల్లచీరెతోనే షెడ్డుకొచ్చి, సోడా తొట్టి వేడి సరిగ్గున్నదా అని చూసుకొని పోయేది. పనిచేసుకుంట నోట్లెనే ఏదో కీర్తన పాడుకునేది. పాట ఆగిందంటే మాకు గుండెల రాయిపడ్డట్టే, ఎవడో దొరికిండని లెక్క.

ఒకసారి నేనే దొరికిన. "తొట్టి ఎంత వేడిగుంది నర్సింలూ?" అన్నది.

"మంచిగనే వేడిగుంది మేడం."

"మంచిగ అంటే ఎంత?"

"చెయ్యి పెట్టలేనంత."

ఆమె పోయి తొట్టి మొత్తం మోరిల ఒంపేసింది. పొద్దుగాల్నుంచి కాచిన నీళ్లు, మా చేతులు పొక్కిచ్చుకొని కలిపిన సోడా. "ఇప్పుడు మళ్ల కలుపు. కలిపినంక థర్మామీటర్ ఏం చెప్తున్నదో నాకు చెప్పు. నీ చెయ్యి ఏం చెప్తున్నదో నాకొద్దు" అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. ఆడమనిషి, గింత పొగరా అనుకున్న. ఇప్పుడు తలుసుకుంటే నవ్వొస్తది. జెర వేడి ఎక్కువైతే ఫిల్ము ఎక్కువ కరుగుతది, తూట్లు పెద్దగైతయి, లెక్క మారుతది. ఆమె ఒంపేసింది నీళ్లు కాదు, నా ఉజ్జాయింపును.

నేను మస్తు మంది బాసుల కింద పనిచేసిన. తప్పు జరిగిందంటే చాలు, ఎవన్ని తిట్టాల్నా అని కండ్లు తిప్పేటోళ్లే ఎక్కువ. ఆమెకు ఆ అలవాటే లేదు. తప్పు ఎట్ల జరిగిందో దొరికేదాక ఆమెకు తిండి పోకపోయేది, దొరికినంక తిట్టుడు యాదికే రాకపోయేది.

రంజన్ల దాచిన డబ్బాలు

మేడం సొంతంగ చేసే పరిశోధన, నేను మీకు పైన చెప్పిన గామా సంగతే. నగరంల ఒక కాలేజీల గామా ఛాంబరు ఉండె. మేడం కొత్త ఫిల్ములు అక్కడికి పంపి, గామా బాగ తగిలిచ్చి తెప్పిచ్చేది. ఎంత గామాకు ఫిల్ము ఎంత సత్తువ ఇడుస్తదో చూసేది. ఎవ్వరూ అడగని పని అది. "గీ ఫిల్ములను రేపు రియాక్టర్ కాడ పెడ్తరు, ఆకాశంలకు పంపుతరు. అక్కడ గామా ఉండదా? అది తెల్వకుండ లెక్క చెప్తే అది లెక్కనా?" అనేది.

ఇగ ఎండకాలం. రేకుల షెడ్డు అంటే మీకు తెలుసు గదా, లోపల కూసుంటే మనుషులే ఉడుకుతరు. వేడికి ఈ ఫిల్ములు ఖరాబైతయి. ఫ్రిజ్ ఇస్తమన్నరు, ఇయ్యలే. అందుకని మేడం ఒక ఉపాయం జేసింది. మా ఇండ్లల్ల నీళ్లు సల్లగుండనీకి పెట్టే పెద్ద మట్టి రంజన్లు రెండు తెప్పిచ్చి, తడి ఇసుక పోసి, ఫిల్ముల డబ్బాలకు మూత సందుల మైనం పెట్టి, ఇసుకల పాతిపెట్టిచ్చింది. నీడకు పెట్టి పొద్దుమాపు నీళ్లు చల్లేది. ఎంత ఎండైనా లోపల సల్లగ ఉండేది. నగరం నుంచి వచ్చినోళ్లు చూసి నవ్వేటోళ్లు, "మామిడికాయలు మాగేసిన్రా?" అని. నవ్వితే నవ్వనియ్యి, మా ఫిల్ములు మాత్రం పాడుగాలే.

ఆ రంజన్ల బాధ్యత యాదగిరన్నది. మా స్టోర్‌కీపర్. మస్తు శుభ్రం మనిషి, బల్ల మీద పెన్సిల్ వంకరగ ఉన్నా ఓర్వడు. డబ్బాల మీద కాయితం ముక్కలు మైదా జిగురుతో అంటిచ్చి రాసేటోడు. తడి ఇసుకల మైదా జిగురు ఎన్ని రోజులుంటది? ఊడి ఇసుకల కలిసినయి. యాదగిరన్న డబ్బాలు బయటికి తీసి, తుడిచి, కొత్త కాయితాలు అంటిచ్చిండు. ఏ డబ్బా ఏదో తనకు ఎరుకే అనుకున్నడు. కొత్త ఫిల్ము, గామా తగిలిన ఫిల్ము, చూపుకు రెండూ ఒక్కతీరే ఎర్రగుంటయి. కొత్త ఫిల్ములు అని రాసిన డబ్బాలు రెండు, వాటిల రెండో డబ్బాల ఉన్నయి నిజానికి గామా తగిలినయి. ఆ సంగతి అప్పటికి మాకెవ్వరికీ తెల్వదు.

గిలాసల సర్వే

ఆ ఎండకాలంలనే హత్నూర దిక్కు యురేనియం ఉందేమో చూడమని మా డిపార్టుమెంటు పని అప్పజెప్పింది. ఎట్ల చూస్తమంటే, ప్లాస్టిక్ గిలాస లోపలి అడుగుకు ఫిల్ము అంటిచ్చి, చేన్ల మోకాలు లోతు గుంత తీసి, గిలాసను బోర్లిచ్చి పూడ్చేది. మట్టిలకెళ్లి వచ్చే రేడాన్ గిలాసల నిండుతది, ఫిల్ము మీద గుర్తులు పెడ్తది. కొన్ని వారాలైనంక తవ్వి తెచ్చి ఉడకబెట్టుడే. ఎండకాలం చేండ్లన్నీ ఖాళీ, కాబట్టి మాకు సులువు.

మొదటి డబ్బా ఫిల్ములు అన్ని చేండ్లకు సరిపోయినయి, ఒక్క చేనుకు తప్ప. ఆఖరుకు మిగిలింది మల్లమ్మ చేను. అక్కడ రెండో డబ్బా తెరిచినం.

మల్లమ్మకు పెనిమిటి లేడు. నాలుగెకరాల జొన్నచేను, మూలకు ఒక బాయి, ఇంట్ల ముసలి అత్త. ఇద్దరి తిండి ఆ చేనే. నేను గుంత తీస్తుంటే నడుం మీద చెయ్యి పెట్టుకొని వచ్చి నిలబడ్డది.

"ఏంది కొడుకా, నా చేన్ల గిలాసలు పాతిపెడ్తున్నవ్? మొలుస్తయా?"

"భూమిలకెళ్లి గాలి వస్తది పెద్దమ్మా. దాన్ని పట్టనీకి."

"గాలి పట్టనీకి భూమి తవ్వుడెందుకయ్య? పైన గింత గాలి కొడ్తుంటే! సంచి తెచ్చుకొని నింపుకపో."

మా కూలీలు పడి పడి నవ్విన్రు. ఆమె నవ్వలే. "ఏమన్న దొరికితే నా చేను గుంజుకుంటరా?" అన్నది. నేను "లేదు పెద్దమ్మా, ఊకె చూసుడే" అన్న. అప్పటికి నేననుకున్నది అదే.

లెక్క అదిరింది

ఫిల్ములు ఉడకబెట్టి లెక్కబెట్టినం. ఊరంత మామూలే. మల్లమ్మ చేను మాత్రం అదిరిపోయింది, చుట్టుపక్కల చేండ్లకు ఎన్నో రెట్లు తూట్లు. మేడం కండ్లు మెరిసినయి. మనిషే గదా. ఆ పూట ఆమె కీర్తన జెర గట్టిగనే పాడింది. మేమందరం మిఠాయి తిన్నం.

నగరంల మా పెద్దసారు ఉండేటోడు, కోస్తా దిక్కు మనిషి. చెడ్డోడు గాదు. మా లేబరేటరీని మూసి పెద్ద దాంట్ల కలపాలని పైనుంచి ఒత్తిడి వస్తుంటే, మా కోసం అడ్డం నిలబడ్డది ఆయనే. రిపోర్టు చూసి కారేసుకొని ఉరికొచ్చిండు. "శాంతకుమారిగారూ, ల్యాబును బతికించారండీ! ఇంక మిమ్మల్ని ఎవరూ కదపలేరు" అన్నడు. చేన్ల లోతుగ తవ్వి చూడనీకి డ్రిల్లు మిషన్ మాట్లాడిండు. ఆ మిషన్ లారీ వచ్చేదాక చేను ఖాళీగ ఉంచాలని మల్లమ్మకు కబురు పంపిచ్చిండు.

ఇగ చూడండ్రి. మిరుగం కార్తె వచ్చింది. మొదటి వాన పడ్డది. హత్నూర దిక్కు రైతులంత నాగండ్లు కట్టిన్రు. మల్లమ్మ ఒక్కతే చేతులు కట్టుకొని గట్టు మీద కూసోవాలె. అదును పోతే ఆ ఏడు జొన్న లేనట్టే. జొన్న లేకపోతే ఆమెకు, ఆమె అత్తకు ఏడాది తిండి లేనట్టే.

ఆమె బస్సెక్కి షెడ్డుకు వచ్చింది. పైటకొంగు నెత్తి మీద కప్పుకొని, మేడం బల్ల ముందట నిలబడ్డది. కూసోమంటే కూసోలే.

"అమ్మా, నాకు మీ సదువు ఎరుక లేదు. ఒక్క మాట చెప్పు. నేను జొన్నలు ఏసుకోవాల్నా వద్దా?"

మేడం మెల్లగ అన్నది, "పరిహారం ఇప్పిస్తరమ్మా."

"పైసలిస్తే ఇస్తరేమో. ఎప్పుడిస్తరు? మా అత్త పైసలు నములుతదా? నా భూమిల ఉన్నది నిజమే అయితే తీసుకపోన్రి, నేను కాళ్లు పట్టుకోను. నిజమేనా? నువ్వు కండ్లార చూసినవా?"

"చూసిన" అన్నది మేడం. కానీ ఆ మాట గట్టిగ రాలే. మల్లమ్మ కొంగు సర్దుకొని బయటికి పోయింది.

ఎరుపు పలచబడ్డది

ఆమె పోయినంక మేడం తన బల్ల కాడ కుదురుగ కూసోలే. "కండ్లార చూసినవా" అన్న మాట ఆమెను కుదురుగ ఉండనియ్యలే. మల్లమ్మ చేను ఫిల్ములు, పక్క చేను ఫిల్ములు రెండూ తీసి కిటికీ కాడికి పోయి, పక్కపక్కన పెట్టి ఎండకు చూసింది. చాన సేపు చూసింది. నన్ను పిలిచింది.

"నర్సింలూ, ఏం కనవడ్తుంది?"

నేను చూసిన. పక్క చేను ఫిల్ము రక్తం లెక్క ఎర్రగుంది. మల్లమ్మ చేను ఫిల్ము నీళ్లు ఎక్కువైన షర్బత్ లెక్క పలచగుంది. మైక్రోస్కోపు లైటుల అంత ఎర్రగనే కనవడ్తది, తేడా తెల్వది. పక్కపక్కన పెడ్తెనే తెలుస్తది. పక్కపక్కన పెట్టాలని ఎవరికి తోస్తది? ఖుషీగ ఉన్నోళ్లకు తోచది.

"రేడాన్ ఎక్కువుంటే తూట్లు ఎక్కువుండాలె. ఎరుపు ఎందుకు తగ్గాలె?" అన్నది మేడం. నేను నోరు తెరిచే లోపల ఆమే జవాబు చెప్పుకున్నది. "ఇది గామా తగిలిన ఫిల్ము. నేను నెలల సంది దీన్నే చూస్తున్న. దీన్ని గుర్తుపట్టకపోతే ఇంకెవరు పడ్తరు?"

అనుకుంటె సరిపోదు ఆమెకు, రుజువు గావాలె. రెండో డబ్బాల భూమిల పెట్టని ఫిల్ములు ఇంకా మిగిలున్నయి. వాటిని, మంచి ఫిల్ములను ఆల్ఫా కణాలను ఇడిసే ఒకే బిళ్ల కింద ఒకే తీరుగ పెట్టి, ఒకే తొట్టిల ఉడకబెట్టినం. మంచి ఫిల్ము మామూలుగ వచ్చింది. రెండో డబ్బా ఫిల్ము పలచనై, తూట్లతోని జల్లెడైంది. మైక్రోమీటర్ పెట్టి మందం కొలిస్తే పూత మస్తు కరిగింది. భూమి మొఖమే చూడని ఫిల్ము అది! దానికి యురేనియం ఏడికెళ్లి వచ్చింది?

యాదగిరన్న ముఖం తెల్లబడ్డది. వచ్చి మేడం ముందట నిలబడి, "నన్ను తీసేయండ్రి మేడం" అన్నడు. కండ్లల్ల నీళ్లు.

"తడి ఇసుకల పెట్టమన్నది నేను. కాయితం ముక్క తడిల ఉంటదా ఉండదా అని ఆలోచించాల్సింది నేను" అన్నది మేడం. "ఇప్పటి నుంచి డబ్బా మీద రాసుడు బంద్. గామా తగిలిన ప్రతి ఫిల్ముకు మూల కత్తిరించు. కాయితం ఊడిపోయినా మూల మల్ల అతకది." పిల్లలూ, నా మొత్తం కొలువుల ఇంత పనికొచ్చిన మాట ఇంకోటి వినలే. మీ దగ్గర ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా సరే, గుర్తు వస్తువు మీదనే పెట్టండ్రి, పెట్టె మీద కాదు.

పెద్దసారు మాట

మేడం రిపోర్టు వాపస్ తీసుకుంటున్నట్టు రాసి, నన్ను వెంటబెట్టుకొని నగరం పోయింది. పెద్దసారు చదివి చాన సేపు అద్దాలు తుడుచుకున్నడు.

"మీ ఫిల్ము తప్పు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన చేలో ఏమీ లేదని అర్థమా? ఉండొచ్చు కూడా. డ్రిల్ చేస్తే తేలిపోతుంది గదా."

"ఉండొచ్చు సార్. ఎవరి చేన్లనైనా ఉండొచ్చు. ఆమె చేన్లనే ఉంటదని అననీకి ఇప్పుడు మన దగ్గర ఏం లేదు."

"కొత్త ఫిల్ములు పెట్టి చూడండి. అవి వచ్చేదాకా చేను ఖాళీగా ఉంచుదాం."

"అవి వచ్చేసరికి విత్తే అదును పోతది సార్."

పెద్దసారు గొంతు తగ్గించి అన్నడు, "అమ్మా, ఈ కాగితం పైకి వెళ్తే మీ ల్యాబు ఉండదు. నేను కాపాడలేను. కొన్నాళ్లు ఆగండి." ఆ మాట ప్రేమతోనే అన్నడు, నేను సాక్ష్యం. గని అట్ల ప్రేమతోని చెప్పిన మాటలే మనల్ని ముంచుతయి, బెదిరింపులు ముంచవు. మేడం రిపోర్టును ఆయన దిక్కు జరిపి, లేచి నమస్తే పెట్టి వచ్చేసింది.

బస్సుల కిటికీ దిక్కు తిరిగి ఏడ్చింది. నేను చూడనట్టే కూసున్న. పటాన్‌చెరుల దిగుదమంటే ఆమె దిగలే. "సంగారెడ్డిల బస్సు మారి హత్నూర పోదాం" అన్నది.

చేన్ల

మల్లమ్మ గట్టు మీద గడ్డి కోస్తున్నది. చుట్టూ అందరి చేండ్లల్ల నాగండ్లు తిరుగుతున్నయి. మేడం పోయి నేరుగ చెప్పింది, తిప్పి చెప్పలే. "అమ్మా, తప్పు మాది. మా ఫిల్ములు కలగలిసినయి. మీ చేన్ల ఉన్నదని మేం చెప్పింది ఉత్తదే. మీరు విత్తుకోండి."

మల్లమ్మ కొడవలి కింద పెట్టింది. "మొన్న ఉన్నది అంటివి. ఇయ్యాల లేదు అంటవు. రేపు మిషన్ తెచ్చి నా మొలకలు తొక్కియ్యరని ఏం నమ్మకం? మీ పెద్దసారు ఇత్తుమన్నడా?"

మేడం అబద్ధమాడొచ్చు. ఆడలే. "లేదు. ఆయన ఆగమన్నడు. ఇది నా మాట."

"నీ మాట అయితే నువ్వే ఇత్తు" అన్నది మల్లమ్మ. తమాషాకు గాదు. పోయి నాగలి కట్టిచ్చింది, జొన్నల గంప తెచ్చి మేడం ముందట పెట్టింది.

డిపార్టుమెంటు ఆగమన్న చేన్ల, డిపార్టుమెంటు మనిషే విత్తుడంటే ఊకె ముచ్చటనా? మేడం చెప్పులు ఇడిసింది. చీరె కుచ్చిళ్లు ఎత్తి నడుముల దోపుకున్నది. కొంగుల జొన్నలు పోసుకొని, నాగలి వెనకాల సాలుల గింజలు వదులుకుంట నడిచింది. బడి పంతులు బిడ్డ, ఎవుసం తెల్వది. ఒకచోట గుప్పెడు గుమ్మరిస్తది, ఒకచోట ఏం పడది. మల్లమ్మ పక్కన నడుసుకుంట, "గట్ల గాదు బిడ్డా, నిమ్మలంగ, నిమ్మలంగ" అని నేర్పింది. జిందగీల సోడా తొట్టి తప్ప ఇంకోటి ఎరగని మా మేడం, బురద కాళ్లతో ఆ సాలెంట పోతుంటే, నాకు ఏడుపొచ్చింది, గర్వమైంది. రెండూ ఒక్కసారే.

సాళ్ల నడుమ కొత్త గిలాసలు గూడ పాతినం, ఈసారి మంచి ఫిల్ములతోని. అవి తర్వాత తీసి చూస్తే మామూలు లెక్కే వచ్చింది, పక్క చేను ఎంతనో ఇది గంతనే. మరుసటేడు మా లేబరేటరీని మూసి నగరంల కలిపిన్రు, అది గూడ నిజం. కానీ ఇప్పుడు నేను చెప్పబోయే రోజుకు ఆ గిలాసలు ఇంకా భూమిలనే ఉన్నయి. ఆ చేన్ల ఏముందో ఎవ్వరికీ తెల్వదు.

మొలకలు జానెడు ఎదిగినయి. గిలాసలు చూడనీకి మేడం, నేను చేను కాడికి పోయినం. అప్పుడే ముందు జీపు, వెనకాల డ్రిల్లు మిషన్ లారీ వచ్చి గట్టు కాడ ఆగినయి. పెద్దసారు దిగిండు. పచ్చగ లేచిన చేను చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"ఖాళీగా ఉంచమన్నాం గదా. ఎవరు విత్తమన్నారు?" అన్నడు.

లారీ ఇంజన్ బంద్ చేయలే, గుర్రుగుర్రుమంటనే ఉంది. మేడం ఒక అడుగు ముందుకేసింది. ఆమె నోరు తెరిచే లోపల మల్లమ్మ వచ్చి లారీకి, చేనుకు నడిమిట్ల నిలబడి, మేడం చెయ్యి పట్టుకొని పైకెత్తింది.

"ఇగో సారూ, గీ చేతులే ఇత్తినయి. మీ మనిషి చేతులే. పీకాల్నంటే గీ చేతులతోనే పీకియ్యి. నేను అడ్డం రాను."

పెద్దసారు మేడం దిక్కు చూసిండు. "నిజమేనా?" అన్నడు.

"నేనే విత్తిన సార్" అన్నది మేడం. ఎత్తిన చెయ్యి దించలే.

ఆయన ఒంగి ఒక మొలకను వేలితో ముట్టి చూసిండు. లేచి లారీ డ్రైవర్ దిక్కు తిరిగి, "రివర్స్ తీసుకో. మొక్కల మీద పడకుండా, జాగ్రత్తగా" అన్నడు.